గుండంలో పాడిన పురుగు

ఆ ఏడు మేటిపల్లిలో ఇలకోళ్లు, కీచురాళ్లనే పురుగులు, ఒక్కొక్క రకమే నోరు మూసుకుంటూ వచ్చాయి. నోరని మాట వరసకు అనడమే, ఇలకోడి పాడేది రెక్కలతో. చెరువు నెర్రెలు విచ్చిందని ఊరందరికీ తెలుసు. ఊరబావిలో బిందె మునగడం లేదనీ తెలుసు. పొద్దు గూకినాక ఊరి చుట్టూ ఉండే సద్దు రోజురోజుకూ పలచబడుతోందని మాత్రం దూదేకుల పీరాసాబ్ ఒక్కడికే తెలిసింది.

మొదట ఆముదం చెట్ల మీది తెల్ల ఇలకోడి ఆగిపోయింది. తర్వాత బండల సందుల్లోది. చివరకు పొయ్యి వెనక గోడలో కాపురముండే ఇంటి ఇలకోడి కూడా రెండు మాట్లు గీరి ఊరుకునేది. పీరాసాబ్ గడప మీద తల వంచుకుని కూర్చుని వినేవాడు.

"నిన్నే, బువ్వ చల్లారిపోతాండాది. చెవుల్లో ఏమన్నా దూరిందా?" అంది అతని భార్య జైతూన్ బీ.

"ఏమీ ఇనపడ్డంల్యా."

"ఇనపడకుంటే మేలే కదా, నిద్దరన్నా పడుతుంది."

పడమట హగరి ఏట్లో నీళ్లు లేవు. ఏటి ఇసుకను గాలి ఎత్తి తెచ్చి పొలాల మీద మేటలు వేస్తోంది. ఆ మేటల వల్లే ఊరికా పేరు. వాళ్ల తాతల నాడు ఊరికి ఆమడ దూరంలో ఉన్న మేట ఇప్పుడు పశువుల దొడ్ల దాకా వచ్చింది. గాలి ఆగిన సాయంత్రాల్లో చెవి పెట్టి వింటే ఇసుక జారే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అది పందొమ్మిది వందల అరవై అయిదో సంవత్సరం.

పీరాసాబ్ చెవి దూదేకే విల్లు దగ్గర తయారైన చెవి. విల్లుకు బిగించిన నరాన్ని కొయ్యపిడితో కొడితే దూది విచ్చుకుని పొంగుతుంది. గింజ తుక్కున్న దూదిలో నరం మూలుగుతుంది. తడి పట్టిన దూదిలో మొద్దుగా పలుకుతుంది. దూది పూర్తిగా విడిపోయినప్పుడు శుభ్రంగా మోగుతుంది. వాళ్ల నాయన చిన్నప్పుడు అతని కళ్లకు గుడ్డ కట్టి ఏకించేవాడు. "కంటికి తెల్లగుండేదంతా దూదే రా. నరం చెప్పినాంకనే పరుపులో పెట్టల్ల" అనేవాడు. బడికి పోకపోయినా పీరాసాబ్ ఆ చదువు బాగా చదివాడు.

పదేళ్ల కిందట ఒక వానాకాలం, బళ్లారి వైపు ఏదో కాలేజీలో జీవశాస్త్రం చెప్పే ఈశ్వరప్ప అనే మనిషి వాళ్లింటికి వచ్చాడు. గింజ తుక్కు లేని మెత్తటి దూది కావాలన్నాడు. ఎందుకని అడిగితే, చచ్చిన ఇలకోళ్లను పెట్టెల్లో కాళ్లు విరక్కుండా పడుకోబెట్టడానికి అన్నాడు. జైతూన్ బీ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"మనకే ఈత చాపలు. పురుగులకు పరుపులంట!"

ఈశ్వరప్ప కూడా నవ్వాడు. "ఏం చేస్తామమ్మా, వాటి పాటలు అట్లాంటివి."

పాట అన్న మాటకు పీరాసాబ్ తలెత్తాడు. తాను పనిలో అలిసి కూర్చున్నప్పుడు విని, మనసులో వేరుచేసి పెట్టుకున్నవన్నీ చెప్పాడు. ఫలానాది పొయ్యి దగ్గర, ఫలానాది ఆముదంలో, ఫలానాది చలికాలంలో మాత్రమే. ఈశ్వరప్ప దూది మూట కింద పెట్టి ఆ సాయంత్రమే అతని వెంట నడిచాడు. అట్లా మొదలైంది. ఏటా వానలు పడ్డాక ఆయన వచ్చేవాడు. చావిడి పక్క గదిలో దిగేవాడు. పొద్దు గూకే వేళకు ఇద్దరూ బయల్దేరేవాళ్లు.

పట్టే పద్ధతి పైకి చూస్తే సులువే. ఒకే పాటను ఇద్దరూ రెండు దిక్కుల నుంచి విని, చెరో వైపు చెయ్యి చాపుతారు. రెండు చేతుల చూపూ కలిసిన చోట పురుగుంటుంది. అడుగు పడితే పాట ఆగుతుంది. ఆగితే నిలబడాలి, మళ్లీ ఎత్తుకుంటే కదలాలి. బొరియ దొరికితే గరిక పోచ లోపలికి పంపి, దాని వెంబడే చిన్న తాపీతో మెల్లగా తవ్వుతూ పోవాలి. పట్టిన దాన్ని జొన్నదంటు బోనులో పెట్టి, అది మళ్లీ పాడేదాకా కూర్చోవాలి. అది పాడితే, విన్న పాటా పట్టిన పురుగూ ఒకటేనని తేలినట్టు. అప్పుడే పేరు.

ఈశ్వరప్ప భూతద్దం కింద రెక్క తిరగేసి చూపించాడు. రెక్క అడుగున సన్నటి ఆకురాయి పళ్ల వరస. రెండో రెక్క అంచు ఆ పళ్ల మీద గీరితే పాట. పళ్లు దగ్గరగా ఉన్నది ఒక రకం, ఎడంగా ఉన్నది ఒక రకం. రంగూ రూపూ ఒకటిగా ఉన్నా పాట వేరైతే, ఇంకా లోతుగా చూడమని అర్థం.

ఆయన పెట్టే పేర్లు పీరాసాబ్ నోటికి తిరిగేవి కావు. అతను తన వృత్తిలోంచే పేర్లు తీసుకున్నాడు. ఆగకుండా సాగేది దారం పాట. తుంపులు తుంపులుగా, జొన్నలు రాలినట్టుండేది గింజ పాట. సాగుతూ సాగుతూ నడుమ ఒక చిక్కు పడి మళ్లీ సాగేది ముడి పాట. ఇంటి ఇలకోడిది గింజ, మూడేసి గింజలు రాల్చి ఊపిరి తీసుకున్నట్టు ఆగుతుంది. బండ సందులదానిది ముడి. ఆముదం మీది తెల్లదానిది సన్న దారం. అది తుంటరి. ఆకుకు తన ఒళ్లు పట్టేంత కంత కొరికి, ఆ కంతలో రెక్కలు ఆనించి పాడుతుంది. ఆకంతా మోగి, తాను పెద్దపురుగైనట్టు వినిపిస్తుంది. పీరాసాబ్ దాన్ని మొదటిసారి చూసినప్పుడు "ఓర్నీ, డప్పు తెచ్చుకున్నాడే" అని నేల మీద కూలబడి నవ్వాడు.

అతను చలికోడి అని పేరు పెట్టుకున్న రకం మాత్రం నిలవలేదు. పుష్యమాసపు చలిలో నీరసంగా, ఒక్కో గింజా లెక్కపెట్టినట్టు పాడేది అది. ఒకసారి పండక్కి సెలవులిచ్చినప్పుడు ఈశ్వరప్ప వచ్చి, దాన్ని పట్టించి, బోనును పొయ్యి దగ్గర పెట్టించాడు. బోను వెచ్చబడేకొద్దీ పాట వేగం పుంజుకుంది. కాసేపటికి అది అచ్చంగా ఇంటి ఇలకోడి. పీరాసాబ్ మొహం చిన్నబోయింది.

"చలికి మనం వణికినట్టే వాటికి రెక్క ఆడదు" అన్నాడు ఈశ్వరప్ప. "నేనూ మొదట్లో ఇట్లే మోసపోతిని పీరాసాబ్. పాడినవాణ్ని చేతిలోకి తీసుకోకుండా పేరు పెట్టొద్దు. నీ చెవి మంచిదే. మంచి చెవి ఉన్నోడే ఎక్కువ మోసపోయేది."

ఆ మాటను పీరాసాబ్ నాయన మాట పక్కన పెట్టుకున్నాడు.

దారం పాట పాడే వాటిలో ఇంకా రెండున్నాయి. ఒకటి కుమ్మరి పురుగు. బురదలో తిరిగినా మట్టంటదని చెప్పుకునేది ఇదే. తడి నేలలో కొమ్ముబూర ఆకారంలో బొరియ తీర్చి, దాని నోటి దగ్గర కూర్చుని పాడుతుంది. మొద్దు పాట, కుండలోంచి వచ్చినట్టుంటుంది. రెండోది ఇసుక మేటల్లో ఉండే పెద్ద ఇలకోడి. పీరాసాబ్ దానికి మేటికోడి అని పేరు పెట్టాడు. బొటనవేలంత లావు, గోధుమ రంగు, ఒంటికి మించిన తల. దగ్గర నిలబడి వింటే చెవిలో దబ్బనం గుచ్చినట్టుంటుంది. అది పొడి ఇసుకలోకి చెయ్యంత లోతు బొరియ తీస్తుంది. గట్టి నేల జోలికి పోదు.

ఒక ఎండాకాలం వాగు మలుపులో కుమ్మరి పురుగు పాడితే, ఈశ్వరప్ప కోసం పీరాసాబ్ తవ్వి పట్టాడు. తవ్విన గుంతలో తెల్లారేసరికి నీళ్లూరాయి. ఊరివాళ్లు దాన్నే చెలమ చేసుకుని ఆ వేసవంతా పశువులకు తాపారు. అప్పటినుంచి అతని మాటకు విలువ వచ్చింది. "పురుగు నీళ్లు చూపిచ్చదు పీరాసాబ్. తడి ఉన్నచోట అది ఉంటాది, అంతే" అని ఈశ్వరప్ప చెప్పాడు గానీ, ఆ మాట ఊరికి ఎక్కలేదు. తర్వాత ఆయనకు దూరపు ఊరికి బదిలీ అయింది. అరవై అయిదులో ఆయన రాలేదు. వానా రాలేదు.

శ్రావణం దాటిన ఒక సాయంత్రం, ఊరు మొత్తం మూగబోయి ఉన్నప్పుడు, పీర్ల చావిడి ముందున్న గుండంలోంచి పాట లేచింది.

గుండమంటే పీర్ల పండగకు నిప్పులు పోసే గుంత. చుట్టూ రాళ్ల వరస. పండగయ్యాక నీళ్లు పోసి నిప్పార్పి, బూడిదతోనే మన్ను కప్పుతారు. మళ్లీ ఏడాది పండక్కి గుండం తవ్వడం మొదలుపెట్టే గుద్దలి పడే దినం దాకా అందులో ఇనుము తగలకూడదు. మేటిపల్లిలో అది తురకలకెంత పవిత్రమో తక్కిన కులాలకూ అంతే. పీర్ల ముందు పట్టే దివిటీల వత్తులు తాతల నాటి నుంచి పీరాసాబ్ ఇంటి దూదితోనే చేస్తారు. ఆ వత్తులు చేసేటప్పుడు జైతూన్ బీ ఇంట్లో ఎవరినీ గట్టిగా మాట్లాడనిచ్చేది కాదు.

జనం గుండం చుట్టూ మూగారు. ఊరి పెద్ద బయ్యన్న అరుగు దిగి వచ్చాడు. నీళ్ల కోసం క్రోసెడు దూరం నడిచొచ్చిన మారెక్క, నెత్తిన ఖాళీ బిందెతోనే నిలబడిపోయింది.

"కుమ్మరి పురుగే కదప్పా అది?" అన్నాడు బయ్యన్న.

పీరాసాబ్ రాళ్ల వరస ఇవతలే బోర్లా పడుకుని రాతికి చెవి ఆనించాడు. దారం పాట. మొద్దుగా ఉంది. కుండలోంచి వచ్చినట్టే ఉంది. కానీ బూడిదా మన్నూ కప్పిన గుంత లోపలి నుంచి వస్తే ఏ పాటైనా మొద్దుగానే వినిపించొచ్చు. తడి ఉందనుకున్నా, అది పండగనాడు నిప్పార్పడానికి పోసిన బిందెల తడే కావచ్చు.

"పట్టి చూడల్ల" అన్నాడు లేచి.

"యాడ పడతావ్? గుండంలోనా?" బయ్యన్న గొంతు తగ్గించాడు. "పార పెడతావా గుండంలో? గుద్దలి పడను ఇంకా ఆరేడు నెల్లుండాది. అందాక ఈ ఊరుంటుందా?"

మారెక్క అందుకుంది. "ఇన్నేండ్లు పురుగుల ఎంబడి తిరిగితివి. ఊరికి ఒక పేరు చెప్పను నోరు రాదా? ఆ సారు కోసరమైతే తవ్వి తవ్వి చూపిస్తివే!"

జైతూన్ బీ తమ్ముడు కరీం సాబ్ కూడా అక్కడే ఉన్నాడు. బావులు తవ్వడమే అతని పని. ఆ ఏడు తవ్వించేవాళ్లు లేక, అమావాస్యకు తుంగభద్ర కాలవ పనికి వలస పోతానని మూట కట్టుకున్నాడు. ఆ పనికి పోయినవాళ్లలో కొందరు తిరిగి రాలేదు. జైతూన్ బీ వారం నుంచి ఏడుస్తోంది.

"చెప్పు బావా" అన్నాడు కరీం సాబ్ నవ్వుతూ. "నువ్వు ఊ అంటే ఈడనే తవ్వుకుంటా. పెండ్లాన్ని, పిల్లోళ్లని ఇడిసి యాడికి పోవల్ల?"

అందరి మొహాలూ అతని వైపే తిరిగి ఉన్నాయి. లోపల పాట ఆగకుండా సాగుతోంది. ఆ గొంతులన్నిటి మధ్య పీరాసాబ్‌కు అది నిజంగానే కుమ్మరి పురుగులా వినిపించింది. వినిపించాలని అతనూ కోరుకున్నాడు.

"కుమ్మరి పురుగే" అన్నాడు.

బావి గుండం పక్కనే మొదలైంది, ఒక బండి పట్టేంత ఎడం వదిలి. పైన గరుసు నేల గట్టిగానే ఉంది. కరీం సాబ్, అతని జతగాళ్లు గడ్డపారలతో ఉత్సాహంగా దిగారు. నడుము లోతు దాటాక గరుసు పోయి ఇసుక తగిలింది. హగరి ఏనాడో ఈ దారిన పారి వదిలేసి పోయిన ఇసుక. కరీం సాబ్ గుప్పెడు పైకి విసిరి, "బావా, ఏరు పండుకున్న పరుపు దొరికింది, ఏకుతావా?" అని అరిచాడు. పైనున్నవాళ్లు నవ్వారు. ఇసుక వచ్చిందంటే ఊట దగ్గరపడినట్టేనని బయ్యన్న అన్నాడు.

పీరాసాబ్ ఆ ఇసుకను వేళ్ల మధ్య నలిపి చూశాడు. పొడిగా, చల్లదనమన్నది లేకుండా ఉంది. నోట్లో వేసుకున్నాడు. తడి లేదు.

"గోడకు రాయి కట్టుకుంటా దిగకూడదా?" అని అడిగాడు.

"నీళ్లు పడకుండా రాయి కట్టేది యాడన్నా ఉండాదా బావా?" అన్నాడు కరీం సాబ్. నీళ్లు కళ్లపడ్డాకే రాతికట్టు ఎత్తడం అక్కడి వాడుక. ఎండిన బావికి రాయి మోయించడమంటే శవానికి పెండ్లి చేసినట్టని సామెతగా అనేవాళ్లు. ఆ వాడుక గరుసు నేలకు పుట్టింది. అది ఇసుకకు సరిపోతుందా అని ఎవరూ అడగలేదు.

బావి లోతయ్యేకొద్దీ పీరాసాబ్‌కు ఇంట్లో విల్లు పట్టబుద్ధి కాలేదు. పట్టినా నరం సరిగా పలకనట్టే ఉండేది. రోజూ పొద్దు గూకే ముందు గుండం దగ్గరికి వెళ్లి కూర్చునేవాడు. పాట లేచేది, సాగేది, ఆగేది. రోజురోజుకూ పెద్దదవుతున్నట్టుండేది. తాను ఒప్పేనని చెప్పే గుర్తు ఒక్కటి దొరుకుతుందేమోనని వినేవాడు. దొరికేది కాదు.

భాద్రపదం చివర్లో ఒక సాయంత్రం, పగలంతా వీచిన గాలి ఒక్కసారిగా ఆగింది. పీరాసాబ్ గుండం దగ్గరికి వచ్చేసరికి, నల్లటి బూడిద మన్ను మీద అరచేతి వెడల్పున తెల్లటి చిన్న కుప్ప ఉంది. గాలి తెచ్చిన ఇసుకేమోనని వంగి చూశాడు. కాదు. కింది నుంచి తోడి పోసిన ఇసుక. కుప్ప పక్కన వేలు పట్టే కంత. కుమ్మరి పురుగు నేలను గీతలా పైకి లేపుకుంటూ పోతుందే గానీ ఇట్లా కుప్ప పోయదు.

అతను ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. వెలుగు ఇంకా చావలేదు. కంతలోంచి ముందు మీసాలు వచ్చాయి, తర్వాత తల. ఒంటికి మించిన తల. పురుగు వెనక్కు తిరిగి రెక్కలు పైకెత్తింది. పాట దబ్బనంలా వచ్చి చెవిలో దిగింది.

మేటికోడి.

అంటే గుండం కింద ఉన్నదీ, పక్కన బావి గోడగా నిలబడి ఉన్నదీ ఒకటే పొడి ఇసుక. చల్లబడ్డాక పని సాగుతుందని కరీం సాబ్ అప్పుడు బావిలోనే ఉన్నాడు, నాలుగు నిలువుల లోతులో.

పీరాసాబ్ పరుగెత్తి బావి గట్టున మోకాళ్ల మీద పడ్డాడు.

"కరీమూ! పైకి రా! అది కుమ్మరి పురుగు కాదు, మేటికోడి. గోడ నిలబడదు, రా పైకి!"

కింద చీకట్లోంచి గడ్డపార చప్పుడు ఆగింది. "ఏంది బావా? నీ పురుగు కులం మార్చుకునిందా?"

మోకు పట్టుకున్న జతగాళ్లు పకపకా నవ్వారు. బయ్యన్న నవ్వలేదు. "ఏమప్పా పీరాసాబూ, ఆ పొద్దు కుమ్మరి పురుగంటివి. ఇంత లోతు తవ్వినాంక ఇప్పుడు కాదంటావా? ఏ మాట నమ్మల్ల మేము?"

"ఆ పొద్దు ఇని చెప్పినా. ఈ పొద్దు కంటితో చూసినా."

"నువ్వే కదా చెప్పేది, చేతిలోకి తీసుకోకుండా పేరు పెట్టొద్దని" కింద నుంచి కరీం సాబ్ అన్నాడు. ఎగతాళి కాదు, అలసిపోయిన మనిషి గొంతు. "ఇసుక చెమ్మగిల్లినట్టుండాది బావా. ఇంగో నాలుగు గంపలు. పట్టుకొచ్చి చూపిచ్చు, అప్పుడొస్తా."

గోడ మీంచి పిడికెడు ఇసుక సుయ్యిమని జారింది. అది ఎవరూ పట్టించుకోలేదు. ఏకిన దూది కుప్ప అంచు జారేముందు ఎట్లా ఊగుతుందో పీరాసాబ్‌కు తెలుసు. అతను లేచి గుండం వైపు నడిచాడు. బయ్యన్నకు విషయం అర్థమై వెనకాలే వచ్చాడు.

"పీరాసాబూ! వద్దు! పీర్ల గుండమప్పా అది. వత్తులు చేసే చెయ్యి నీది!"

పీరాసాబ్ చెప్పులు విడిచాడు. రాళ్ల వరస దాటలేదు, దాని మీద బోర్లా పడుకున్నాడు. ఇనుము పట్టకుండా, వట్టి చెయ్యి కంతలోకి దూర్చాడు. ఏటేటా తవ్వి తవ్వి గుండంలో గరుసు ఎప్పుడో పోయింది; బూడిద మన్ను పలచగా ఉంది, దాని కింద అంతా ఇసుకే. మోచెయ్యి దాకా పోయింది, భుజం దాకా పోయింది. చెంప బూడిదకు ఆనింది. వేలి కొస మీద పురుగు కొరికింది. అతను వేలు వెనక్కు తీయలేదు, కొరకనిచ్చి, అట్లాగే బొటనవేలు చుట్టి పట్టుకుని బయటికి లాగాడు. చెయ్యి తీసిన చోట బొరియ మిగల్లేదు. ఇసుక దానంతటదే వచ్చి పూడ్చుకుంది.

వేలి నుంచి నెత్తురు కారుతుండగా పురుగును బయ్యన్న మొహం దగ్గర పెట్టాడు. తర్వాత మెడలోని తువ్వాలలో మూటకట్టి, గంపలో వేసి బావిలోకి దింపించాడు. కరీం సాబ్ లాంతరు వెలుగులో మూట విప్పాడు. ఇసుక మేటల్లో పుట్టి పెరిగినవాడు, ఆ పురుగు గట్టి నేలలో బతకదని పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు. అతను తలెత్తి చుట్టూ గోడల వైపు మొదటిసారి చూసినట్టు చూశాడు.

"మోకు ఇడవండి" అన్నాడు మెల్లగా. గట్టిగా అరవడానికి భయపడ్డట్టుంది ఆ గొంతు.

నడుముకు మోకు చుట్టుకుని రెండు నిలువులు పైకి వచ్చేసరికి పడమటి గోడ కదిలింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. పరుపు కుట్టు ఊడితే దూది జారినట్టు, అంత మెత్తగా జారింది. ఇసుక అతని కాళ్లను పట్టుకుంది, నడుమును పట్టుకుంది. పైన ఆడా మగా అందరూ మోకు మీద పడ్డారు. మారెక్క బిందె పారేసి, ముందున్నవాడి నడుం పట్టుకుని లాగింది. కరీం సాబ్ ఒక కాలు తిరగబడిపోయి, నోటినిండా ఇసుకతో గట్టు మీద పడ్డాడు. లాంతరూ గడ్డపారలూ పారలూ లోపలే ఉండిపోయాయి.

తెల్లారేసరికి బావి గట్టు దాకా పూడిపోయింది. గుండం రాళ్ల వరసలో సగం అందులోకి జారి కనపడకుండా పోయింది.

కరీం సాబ్ బతికాడు. కాలు అతుకుపడింది గానీ వంకరగా అతుకుపడింది, ఇంక బావి దిగే కాలు కాదది. ఊళ్లో మాట మాత్రం రెండు దినాల్లో తిరగబడింది. గోడ ఎందుకు పడిందంటే గుండంలో చెయ్యి పెట్టినందుకు పడిందన్నారు. పీర్లకు కోపమొచ్చి బావిని మింగేశారన్నారు. ముందు తప్పు పేరు చెప్పింది ఎవరూ ఎత్తలేదు. దాన్ని ఎత్తి తిట్టి ఉంటే బాగుండేదని పీరాసాబ్‌కు అనిపించేది. దానికైతే తల వంచేవాడు.

మరుసటేడు చావిడికి ఆ పక్కన కొత్త గుండానికి గుద్దలి వేశారు. దివిటీల వత్తులకు దూది రాయదుర్గం నుంచి తెప్పించుకున్నారు. ఆ సాయంత్రం డప్పులు మోగుతుంటే జైతూన్ బీ ఏకిపెట్టిన తెల్లటి దూదిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నా తమ్మున్ని తెచ్చిచ్చిన చెయ్యి అది" అంది. "వత్తులు చెయ్యకుంటే మానె."

కరీం సాబ్ ఊతకర్రతో వచ్చి గడప మీద చేరగిలబడ్డాడు. డప్పులు ఆగిన సందులో ముగ్గురికీ ఒక దారం పాట వినిపించింది. మేటల వైపు నుంచి కాదు, ఊరి లోపలి నుంచే. ఒక వీధి అవతల ఒకటి. దానికి జవాబుగా చావిడి వెనక ఇంకొకటి.

"ఏంది బావా అవి?" అన్నాడు కరీం సాబ్.

పీరాసాబ్ తలెత్తి దూలం వైపు చూశాడు.

డప్పులు మళ్లీ మొదలవకముందే వీధిలో అడుగుల చప్పుడైంది. బయ్యన్న. బావి పూడిన నాటి నుంచి ఆ గడప తొక్కని మనిషి వాకిట్లో నిలబడి తలపాగా సర్దుకున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

"మా ఇంటి గోడ కింద పాడతాండాది" అన్నాడు. "నాలుగు దినాల నుంచి. అది ఏం పురుగో చెప్తావా?"

"ఇనే చెప్పమంటావా?"

"వద్దు. ఇని చెప్పద్దు."

పీరాసాబ్ దూలంలో గుచ్చిన తాపీ తీసుకున్నాడు, ఒక గరిక పోచ తుంపుకున్నాడు. ఇద్దరూ నడిచారు. బయ్యన్న ఇంటి పడమటి గోడ మొదట్లో, రాతి పునాది పక్కన, తెల్లటి ఇసుక కుప్ప అప్పుడే పోసినట్టుంది. పాట ఆగింది. పీరాసాబ్ కూర్చుని, పోచను కంతలోకి పంపాడు. పోచంతా పోయింది, ఇంకా అడుగు తగల్లేదు. అతను తాపీని పునాది రాయి వారన గుచ్చి ఒక్కసారి మెల్లగా కదిపాడు.

రాయి కింది నుంచి, బావిని మింగిన ఆ ఇసుకే రావడం మొదలుపెట్టింది. సన్నగా, పొడిగా, గింజ తుక్కు లేని దూదిలా శుభ్రంగా వస్తోంది. పీరాసాబ్ తాపీ వెనక్కు తీసుకున్నాడు. బయ్యన్న తన గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. ఇసుక వస్తూనే ఉంది.